కొత్త కార్డొచ్చిందంట, కొనీమంటారేటి?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ముప్పావు వంతు ఒకటే పాట. కొత్త ప్రాసెసర్ వచ్చింది, కొత్త గ్రాఫిక్ కార్డు వచ్చింది, పాతది అమ్మేసి అది కొనేయాలా అని. విశాఖ ద్వారకానగర్‌లో కంప్యూటర్ రిపేరు టేబుల్ ముందు ఏళ్ల తరబడి కూర్చున్నవాణ్ణి కాబట్టి కొత్త డబ్బా సీలు తీసేటప్పుడు వచ్చే ఆనందం నాకు తెలీనిదేం కాదు, కానీ అలా కొన్నవాళ్లే ఆర్నెల్లు తిరక్కుండా "ఏంటన్నా, స్పీడేం పెరగలేదు" అని అదే టేబుల్ దగ్గరికి వచ్చేవాళ్లు. అందుకని ఈసారి సమాధానాలు కొంచెం పొడుగ్గా ఉంటాయి, టీ పెట్టుకుని కూర్చోండి.

ప్రశ్న: అన్నా, నేను మధురవాడలో బీటెక్ థర్డ్ ఇయర్. గేమింగ్ సిస్టమ్ వేయించుకుంటానంటే నాన్న 90 వేలు ఇస్తానన్నారు, అంతకు మించి పైసా రాదు. ఎన్విడియా గ్రాఫిక్ కార్డు ఆర్‌టీఎక్స్ 5070 అంటే పాత 4090తో సమానం, అదొక్కటి తీసుకుని మిగతావి ఏదో ఒకటి వేసేయ్ అంటాడు మా ఫ్రెండ్. షాపాయన 5060 చాలంటున్నాడు. ఇంకొకడు ఏఎండీ కంపెనీ 9060 ఎక్స్‌టీ అంటున్నాడు. నా మానిటర్ 1080పీ, 144 హెర్ట్జ్. ఏం చేయమంటావ్?

జవాబు: ముందు మీ ఫ్రెండ్ సంగతి చూద్దాం తమ్ముడూ. ఆ మాట వాడు పుట్టించింది కాదులే, 2025 జనవరి 6న లాస్ వేగాస్‌లో స్టేజి ఎక్కి ఎన్విడియా బాస్ జెన్సన్ హువాంగ్ స్వయంగా అన్నదే, 549 డాలర్లకే 4090 పెర్ఫార్మెన్స్ అని. కిటుకు ఎక్కడుందంటే 5060, 5070 లాంటి ఈ 50 సిరీస్‌లో మల్టీ ఫ్రేమ్ జనరేషన్ అని ఒకటి పెట్టారు, కార్డు ఒక ఫ్రేమ్, అంటే ఒక బొమ్మ, నిజంగా గీస్తే దాని వెనకాల మూడు, అంతకంటే ఎక్కువ ఫ్రేములు కూడా ఏఐ ఊహించి పెడుతుంది, అప్పుడు పక్కన ఎఫ్‌పీఎస్, అంటే సెకనుకి ఎన్ని ఫ్రేములో చెప్పే అంకె, ఎక్కడికో వెళ్లిపోతుంది. చారులో నీళ్లు పోసి పదిమందికి వడ్డించినట్టన్నమాట, గిన్నె నిండుతుంది. నువ్వు మౌస్ తిప్పినప్పుడు గేమ్ స్పందించేది మాత్రం ఆ నిజంగా గీసిన ఫ్రేములకే, కాబట్టి అసలు ఫ్రేములు 25 వస్తూ స్క్రీన్ మీద 100 కనబడుతుంటే చూడ్డానికి నున్నగా ఉంటుంది, ఆడితే చేతికి బరువుగా తెలుస్తుంది. అసలు ఫ్రేములే 60 దాటి వస్తుంటే అప్పుడు దాన్ని ఆన్ చేసుకో, బాగుంటుంది. అంతేగానీ 24 జీబీ మెమరీ ఉన్న 4090, 12 జీబీ ఉన్న 5070 ఒకటి ఎలా అవుతాయి, నువ్వే చెప్పు. పైగా ఇండియాలో 5070 మొదలైందే 59 వేల దగ్గర, 90లో 59 తీసేస్తే మిగిలిన దాంతో ఏం సిస్టమ్ వేస్తావు?

ఇక షాపాయన మాట. 5060 వచ్చింది 2025 మేలో, 299 డాలర్లు, 8 జీబీ. దాని కంటే నెల ముందు 5060 టీఐ వచ్చింది, అది రెండు రకాలు, 8 జీబీది 379, 16 జీబీది 429. ఏఎండీ 9060 ఎక్స్‌టీ జూన్‌లో వచ్చింది, అదీ రెండు రకాలే, 8 జీబీ 299, 16 జీబీ 349. చూశావా, రెండు కంపెనీలూ ఒకే పేరుతో రెండు సరుకులు అమ్ముతున్నాయి. డబ్బా మీద పేరు పెద్దక్షరాల్లో, జీబీ చిన్నక్షరాల్లో. షాపుకెళ్లి పేరొక్కటే చెప్పావనుకో, నీ చేతికి 8 జీబీది వస్తుంది, అందుకే 16 జీబీ అని బిల్లులో రాయించుకో.

8 జీబీతో ఇబ్బంది ఏంటంటే కార్డు మెమరీ నిండిపోయాక గేమ్ ఆగిపోదు, టెక్స్చర్లు, అంటే గేములో వస్తువులకి తొడిగే బొమ్మలు, మామూలు ర్యామ్‌లోకి పొంగిపోయి బోర్డులో కార్డు కూర్చునే పీసీఐఈ స్లాటు మీదుగా అటూ ఇటూ తిరగడం మొదలెడతాయి, అక్కడ వస్తుంది కుదుపు. సగటు ఎఫ్‌పీఎస్ చూస్తే బానే ఉన్నట్టుంటుంది, ఆడేవాడికే తెలుస్తుంది ఆ జర్కు. 5060, 5060 టీఐ రెండింటికీ ఆ రాకపోకలకి ఎనిమిది దారులే, అదే లేన్లు అంటారు, ఉన్నాయి, పాత పీసీఐఈ 3 బోర్డులో పెడితే ఆ కుదుపు ఇంకాస్త ఎక్కువ. 9060 ఎక్స్‌టీకి పదహారు లేన్లు.

నా ఓటు 9060 ఎక్స్‌టీ 16 జీబీకి. 1080పీకి బ్రహ్మాండంగా సరిపోతుంది, రేపు 1440పీ మానిటర్ కొన్నా కొన్నాళ్లు లాగుతుంది. ఒక్క మినహాయింపు, కాలేజీ ప్రాజెక్టుల్లో మెషీన్ లెర్నింగ్, క్యూడా (ఎన్విడియా కార్డుల మీద నడిచే ప్రోగ్రామింగ్) అని ఏమైనా ఉంటే రేటులో ఆ తేడా భరించి 5060 టీఐ 16 జీబీకే వెళ్లు, ఆ లైన్లో ఇప్పటికీ ఎన్విడియా లేకపోతే సగం సాఫ్ట్‌వేర్ మొహం చాటేస్తుంది. ప్రాసెసర్ ఏఎండీ రైజెన్ 5 7600 లాంటిది చాలు. ఏఎం5 అనే కొత్త రకం సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే చోటు) ఉన్న బోర్డు వేస్తే 2027 దాకా, ఆ పైన కూడా ఆ సాకెట్‌ని వదలమని ఏఎండీ మాటిచ్చింది, అంటే ఉద్యోగం వచ్చాక ప్రాసెసరొక్కటే మార్చుకోవచ్చు.

ర్యామ్ రేటు అడిగినప్పుడు మాత్రం కుర్చీలో కూర్చుని అడుగు. 2025 చివర్నుంచి డీడీఆర్5, అంటే ఏఎం5 బోర్డుకి కావాల్సిన కొత్త తరం ర్యామ్, రేటు మండిపోతోంది, చిప్పులన్నీ ఏఐ సర్వర్లకి పోతున్నాయి, మైక్రాన్ కంపెనీ అయితే మనలాంటోళ్లకి అమ్మే క్రూషియల్ బ్రాండే మూసేస్తున్నామని 2025 డిసెంబర్‌లో చెప్పేసింది. లెక్క మరీ దాటిపోతే రైజెన్ 5 5600, డీడీఆర్4తో పాత ఏఎం4 సిస్టమ్ వేయించుకో, అదే కార్డు పెట్టు. అందులో సిగ్గుపడాల్సిందేం లేదు. ఎస్ఎంపీఎస్, అదే కరెంటు అందించే డబ్బా, దాని దగ్గర మాత్రం కక్కుర్తి పడొద్దు, క్యాబినెట్‌తో ఫ్రీగా వచ్చేది అక్కడే వదిలేసి రా.

ఇంకోటి, యూట్యూబ్‌లో చెప్పే డాలర్ రేటుని 85తోనో 90తోనో గుణించేసి షాపులో గొడవ పడకు. అమెరికా రేటులో టాక్స్ ఉండదు, మనకి 18 శాతం జీఎస్టీ కలుస్తుంది.

ప్రశ్న: గాజువాకలో మాది పెళ్లిళ్ల ఫొటో, వీడియో స్టూడియో. కొత్త కెమెరా కొన్న దగ్గర్నుంచి ఎడిటింగ్‌లో నరకం కనబడుతోంది, టైమ్‌లైన్ మీద ప్లే నొక్కితే వీడియో ఆగి ఆగి వెళ్తోంది. 4కే, 10 బిట్, 4:2:2, హెచ్.265లో తీస్తున్నాం. సిస్టమ్ ఐ5-12400ఎఫ్, 32 జీబీ ర్యామ్, ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ. కార్డు సరిపోవట్లేదు, 5080 వేయించుకోండి అంటున్నారు. ముహూర్తాల సీజన్ దగ్గర పడుతోంది, ఏదో ఒకటి చెప్పండి.

జవాబు: ఆగండాగండి, 5080 మాట పక్కన పెట్టండి. మీ ఉత్తరంలో అసలు దొంగ ఒక్క అక్షరమే, 12400 పక్కనున్న ఆ ఎఫ్.

వీడియోని విప్పి చూపించే పనికి చిప్పులో వేరే ఒక చిన్న భాగం ఉంటుంది, డీకోడర్ అంటారు. మీ 3060లో ఆ డీకోడర్ హెచ్.265 అనే కుదింపు పద్ధతిని బాగానే విప్పుతుంది గానీ, అందులో రంగుల సమాచారం ఎక్కువుండే 4:2:2 రకాన్ని విప్పలేదు. 40 సిరీస్ కూడా విప్పలేదు, అంటే లక్షన్నర పోసి 4090 కొన్నాయన కూడా ఈ విషయంలో మీ పక్కనే నిలబడి ఉన్నాడు. అదే ఇంటెల్ ప్రాసెసర్‌లో ఉండే చిన్న గ్రాఫిక్స్, అదేనండి క్విక్ సింక్ అంటారే, అది 11వ జనరేషన్ నుంచీ ఈ రకం ఫైల్స్‌ని సునాయాసంగా విప్పేస్తుంది. కానీ ఎఫ్ అంటే ఆ గ్రాఫిక్స్ పనిచేయకుండా తీసేసిన ప్రాసెసర్ అని అర్థం. ఎలాగూ కార్డు ఉంది కదా, అదెందుకు దండగ అని కాస్త తక్కువ రేటుకి ఎఫ్ వేస్తారు, గేములాడేవాడికి అది తెలివైన పనే, మీకు మాత్రం సరిగ్గా అదే కొంప ముంచింది. కార్డు విప్పలేక, ప్రాసెసర్‌లో విప్పేది లేక, ఆ భారమంతా మామూలు కోర్ల మీద పడుతోంది.

కాబట్టి తక్కువ ఖర్చు దారి ఏంటంటే ఎఫ్ లేని 12400, లేదా అదే బోర్డులో పట్టే 13, 14 జనరేషన్ ఐ5 ఎఫ్ లేనిది వేయించుకోండి, బయోస్‌లోకి, అంటే బోర్డు సొంత సెట్టింగుల్లోకి, వెళ్లి లోపలి గ్రాఫిక్స్ ఎనేబుల్ చేయించండి, ఇది చాలామంది మర్చిపోతారు, కార్డు ఉంటే బోర్డు దాన్ని ఆపేసి కూర్చుంటుంది. తర్వాత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో డీకోడింగ్‌కి ఇంటెల్ టిక్ పెట్టండి. మీ 12 జీబీ కార్డు ఎఫెక్టులకీ కలర్‌కీ అలాగే పనికొస్తుంది.

కార్డే మార్చాలని మనసు పడితే 50 సిరీస్‌లో ఎన్విడియా ఈ 4:2:2ని డీకోడర్‌లో పెట్టింది, మంచి మాటే. కానీ అది 5060లో కూడా ఉంది, దానికోసం 5080 దాకా వెళ్లక్కర్లేదు. 8 జీబీది తీసుకుంటే మీ దగ్గరున్న 12 కంటే వెనక్కి వెళ్లినట్టు, అందుకని కొంటే 5060 టీఐ 16 జీబీ.

ఈ వారమే పెళ్లి ఉందంటే రెండు పనులు. ఫుటేజ్ అంతటికీ రాత్రి పడుకునే ముందు ప్రాక్సీలు, అంటే తేలికపాటి నకలు ఫైళ్లు, పెట్టేయండి, పొద్దున్నకి తయారవుతాయి, వాటి మీద ఎడిట్ చేసుకుని చివర్లో ఒరిజినల్ మీద రెండర్ కొట్టండి. కొత్తగా తీసే వాటికి కెమెరాలో 4:2:2 బదులు రంగుల సమాచారం కాస్త తక్కువుండే 4:2:0 10 బిట్ పెట్టండి, దాన్ని మీ 3060 హాయిగా ప్లే చేస్తుంది. పచ్చతెర పెట్టి బ్యాక్‌గ్రౌండ్ మార్చే పని లేకపోతే ఆ తేడా పెళ్లికూతురి తండ్రి కనిపెట్టలేడు, నాదీ పూచీ.

ప్రశ్న: లాసన్స్ బే కాలనీ నుంచి రాస్తున్నాను. రైజెన్ 5 3600, బీ450 బోర్డు. ఫ్లైట్ సిమ్యులేటర్ పిచ్చి. గేమింగ్‌కి 9800 ఎక్స్3డీని మించింది లేదంటున్నారు, నా బోర్డులో పడుతుందా? దానికి లిక్విడ్ కూలర్ తప్పదా? మాకు సముద్రం బాగా దగ్గర, అదొకటి.

జవాబు: పడదండి. మీది ఏఎం4, పిన్నులు ప్రాసెసర్‌కి ఉంటాయి. 9800 ఎక్స్3డీ ఏఎం5, పిన్నులు బోర్డుకి ఉంటాయి, అంటే బోర్డు, ర్యామ్ అన్నీ మారాలి. ర్యామ్ రేటు గురించి పైన మధురవాడ కుర్రాడికి చెప్పిందే మీకూనూ.

పొగిడినవాళ్లు మరీ తప్పు చెప్పలేదు, 2026 జనవరిలో 9850 ఎక్స్3డీ వచ్చి దాన్ని కాస్త దాటింది, అంతే. 9800 ఎక్స్3డీ 2024 నవంబర్‌లో వచ్చింది, ఎనిమిది కోర్లే, దాని బలమంతా 96 ఎంబీ క్యాష్ మెమరీలో ఉంది. ప్రాసెసర్ మాటిమాటికీ ర్యామ్ దాకా వెళ్లి రాకుండా కావాల్సినవి ఒళ్లోనే పెట్టుకుంటుంది, సిమ్యులేటర్లకి ఇది అమృతం. ఇంతకు ముందు 5800 ఎక్స్3డీలో ఆ అదనపు క్యాష్‌ని కోర్ల నెత్తిన పెట్టేవాళ్లు, వేడి పైకి పోవడానికి దుప్పటి కప్పినట్టు అడ్డం వచ్చేది. ఇందులో దాన్ని కోర్ల కిందకి తోశారు, వేడి నేరుగా కూలర్‌కి చేరుతుంది, అందుకే క్లాక్ స్పీడు కూడా పెంచగలిగారు. ఈ మధ్య కాలంలో నాకు నిజంగా ముచ్చటేసిన ఇంజినీరింగ్ ఇదొక్కటే.

మీ బోర్డులోనే పట్టేవి 5800 ఎక్స్3డీ, 5700 ఎక్స్3డీ, దానికి ముందు బయోస్ అప్‌డేట్ చేయించాలి. వాటి తయారీ ఆగిపోయింది, కొత్తవి దొరకడం కష్టం, సెకండ్ హ్యాండ్‌లో మంచిది తగిలితే ముందు అది వేసి చూడండి, మీ 3600తో పోలిస్తే తేడా మొదటి టేకాఫ్‌లోనే తెలుస్తుంది. ఎక్స్3డీ పేరు చెప్పి నమ్మలేని రేటు అడిగితే మాత్రం దండం పెట్టి వచ్చేయండి.

లిక్విడ్ కూలర్ అక్కర్లేదు, 9800 ఎక్స్3డీ అయినా దాని టీడీపీ, అంటే కూలర్ తట్టుకోవాల్సిన వేడి, 120 వాట్లే, మంచి టవర్ ఎయిర్ కూలర్ సరిపోతుంది. పైపు లీకైతే మీ ఇంట్లో వర్షం నేను చూడలేను. సముద్రం సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. పెదవాల్తేరు నుంచి ఒకాయన కార్డు తెచ్చాడు, రెండేళ్లు కూడా నిండలేదు, పైకి నిగనిగలాడుతోంది, బ్యాక్‌ప్లేట్ విప్పితే స్క్రూలు తుప్పు, సోల్డర్ దగ్గర పచ్చటి పొడి. వారంటీకి పంపితే తుప్పు ఉంది కాబట్టి కుదరదని వెనక్కొచ్చింది. ఆయన తప్పల్లా సిస్టమ్‌ని బీచ్ వైపు కిటికీ పక్కన పెట్టి వారాల తరబడి ఆన్ చేయకపోవడం. ఉప్పు గాలిలో ఉన్న తేమ చల్లగా ఉన్న బోర్డు మీద కూర్చుంటుంది, రోజూ కాసేపు నడిచే సిస్టమ్‌కి ఆ వెచ్చదనమే కాపలా. కిటికీకి ఎదురుగా పెట్టకండి, ఫ్యాన్ల ముందు ఫిల్టర్లు ఉన్న క్యాబినెట్ కొనండి, ఫిల్టర్లు నెలకోసారి కడగండి. హుద్‌హుద్ తుపాను తర్వాత అలా తడిసిన క్యాబినెట్లు ఎన్ని విప్పానో లెక్కే లేదు, ఆరబెట్టేశాం కదా అని ఆన్ చేసినవే ఎక్కువ పోయాయి.

ప్రశ్న: ఎంవీపీ కాలనీలో ఉంటున్న రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగిని. ఐ3 7వ జనరేషన్, 8 జీబీ, విండోస్ 10. ఇక ఇది పనికిరాదు, ఏఐ పీసీ కొనుక్కోమని షాపులో చెప్పారు. నేను చూసేది పెన్షన్ స్టేట్‌మెంట్లు, మనవడితో వీడియో కాల్, భక్తి ప్రవచనాలు. అంత అవసరమా?

జవాబు: అవసరం లేదు సార్. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయిన మాట నిజం. తమాషా ఏంటంటే సరిగ్గా అదే రోజు గూగుల్ వాళ్లు మన విశాఖలో అయిదేళ్లలో 15 బిలియన్ డాలర్లతో ఏఐ హబ్ పెడతామని ఢిల్లీలో ప్రకటించారు, అంటే ఊరికి గిగావాట్ డేటా సెంటరూ, మీ ఐ3కి రిటైర్మెంటూ ఒకే రోజు రాసిపెట్టి ఉన్నాయన్నమాట.

విండోస్ 11కి అధికారికంగా ఇంటెల్ 8వ జనరేషన్ నుంచి కావాలి, మీది ఒక్క మెట్టు కింద ఉండిపోయింది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయ్యి సెట్టింగులు సింక్ చేస్తే 2026 అక్టోబర్ దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి, ఆ రిజిస్ట్రేషన్ మనవడితో చేయించండి. బ్యాంకు పని ఉంది కాబట్టి ఇది మాత్రం వదిలేయొద్దు. ఈలోగా లోపల పాత హార్డ్ డిస్క్ ఉంటే దాని బదులు వేగంగా నడిచే ఎస్ఎస్‌డీ వేయించండి. ఆ తర్వాత కొనేటప్పుడు కూడా మామూలు ఐ3, 16 జీబీ, లేదా రైజెన్ 5 5600జీ లాంటిది చాలు, జీ అంటే గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది, కార్డు కొననక్కర్లేదు.

ఏఐ పీసీ అంటే ఏఐ లెక్కల కోసం ఎన్‌పీయూ అనే ఇంకో చిన్న చిప్పు భాగం ఉన్నది. కోపైలట్ ప్లస్ అనే ముద్ర వేయించుకోవాలంటే దాని వేగం 40 టాప్స్ (ఆ లెక్కల వేగానికి కొలత) ఉండాలని మైక్రోసాఫ్ట్ రూలు. 2024 అక్టోబర్‌లో వచ్చిన ఇంటెల్ కోర్ అల్ట్రా 200 డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఉన్నది 13, అంటే ఆ ఖరీదైన వాటికే ఆ ముద్ర రాదు. ప్రవచనం వినడానికి ఎన్‌పీయూ దేనికండీ.

ప్రశ్న: మా అమ్మాయి బీఆర్క్ (ఆర్కిటెక్చర్)లో చేరింది. ల్యాప్‌టాప్‌లో 5070 ఉన్నదే కావాలంటోంది, అన్నయ్య డెస్క్‌టాప్‌లో 5070 ఉందట, అంతే పవర్ వస్తుందని. నిజమేనా? కూర్మన్నపాలెం నుంచి ఒక అమ్మ.

జవాబు: పేరు ఒక్కటేనమ్మా, మనిషి వేరు. డెస్క్‌టాప్ 5070లో 6144 కోర్లు, 12 జీబీ, 250 వాట్లు. ల్యాప్‌టాప్ 5070లో 4608 కోర్లు, 8 జీబీ, ఎక్కువలో ఎక్కువ 100 వాట్ల దగ్గర ఆగుతుంది, పల్చటి మోడళ్లలో ఇంకా తక్కువకి కట్టేస్తారు. పైగా ల్యాప్‌టాప్ 5060లో కూడా అదే 8 జీబీ, కాబట్టి 5060 నుంచి 5070కి ఎక్కితే ఖర్చు పెరిగినంతగా పని పెరగదు. 12 జీబీ కావాలంటే 5070 టీఐ, అది ఇంకా బరువు, ఇంకా రేటు. మొదటి రెండేళ్లు డ్రాయింగులు, చిన్న మోడళ్లే కదా, 5060 ఉన్నది తీసుకుని మిగిలిన డబ్బుతో ర్యామ్ 32 జీబీ చేయించండి. ర్యామ్ తర్వాత వేసుకునే స్లాటు ఉందో లేక బోర్డుకే అతికించేశారో కొనే ముందే అడగండి. అన్నట్టు ఒకసారి దాన్ని బ్యాగులో పెట్టించి అమ్మాయి భుజానికి తగిలించి చూడండి, ఛార్జర్‌తో సహా.

ప్రశ్న: ఏటన్నా, ఐ5 నాలుగో జనరేషన్ సిస్టముంది, ఇంటెల్ ఆర్క్ బీ580 ఏసీస్తే పన్జేస్తాదేటి? కంచరపాలెం.

జవాబు: ఎయ్యకు తమ్ముడూ. 249 డాలర్లకి 12 జీబీతో వచ్చిన కార్డంటే నోరూరుతుంది, నిజమే, స్లాటులో కూడా కూర్చుంటుంది. కానీ ఆ కార్డుకి రీసైజబుల్ బార్, అంటే ప్రాసెసర్ కార్డు మెమరీ మొత్తాన్ని ఒకేసారి అందుకునే సదుపాయం, బోర్డులో ఉండి తీరాలి, ఇంటెల్ 10వ జనరేషన్ నుంచి, రైజెన్ 3000 నుంచి అని కంపెనీయే చెప్పింది. అది లేకపోతే కార్డు సగం నిద్రలో పనిచేస్తుంది. బోర్డు మార్చే రోజున గుర్తు చేసుకో.

ప్రశ్న: ఎన్విడియా నుంచి ఎక్కువ మెమరీతో సూపర్ అనే కార్డులు వస్తాయంటున్నారు, ఇంకో ఆర్నెల్లు ఆగమంటారా? ఎన్ఏడీ జంక్షన్.

జవాబు: అంటున్నది ఎవరు? 2026 జనవరిలో సీఈఎస్ ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనలో అందరూ చెవులు రిక్కించి కూర్చుంటే ఎన్విడియా కొత్త డెస్క్‌టాప్ కార్డు ఒక్కటీ చూపించలేదు, ఇంటెల్ వాళ్లు 18ఏ అనే కొత్త తయారీ పద్ధతిలో చేసిన పాంథర్ లేక్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్లే ఎక్కువ సందడి చేశాయి. మెమరీ చిప్పులకి ఇంత కరువున్నప్పుడు ఎక్కువ జీబీ పెట్టి తక్కువకి అమ్మేంత పుణ్యాత్ములు ఎవరూ లేరు. ఇప్పుడున్న కార్డు మీరాడే గేముని నడిపిస్తుంటే ఆగండి, పోయేదేం లేదు. కార్డు చచ్చిపోయి సిస్టమ్ మూలన పడి ఉంటే ఆగడంలో అర్థం లేదు. ర్యామ్ ఒక్కటి మాత్రం, కొనాల్సిన అవసరం ఉందని ఖాయంగా తేలితే, ఈ ఆదివారమే వెళ్లి తెచ్చేసుకోండి, సీరియల్ నంబరున్న బిల్లుతో.